రోడ్డు ఎవరిది? – 6: కంకర దారిలో 1,900 మైళ్ళు



ఈ మధ్య "గ్రావెల్ బైకింగ్" అనే మాట బాగా వినబడుతోంది. గ్రావెల్ అంటే కంకర. తారు లేని రోడ్ల మీద, అడవి బాటల్లో, కొండ దారుల్లో తొక్కడానికి ప్రత్యేకంగా చేసిన సైకిలే గ్రావెల్ బైక్. వంగిన హ్యాండిల్, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉంటాయి. మన దగ్గర మంచిది కొనాలంటే లక్ష రూపాయల పైమాటే. మా గూడెంలో ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన నవ్వాడు. "తారు రోడ్డు ఊరి చివరే ఆగిపోయె. మనకు మిగిలింది కంకరే గదా. పుట్టిన కాడ్నించీ మనం తొక్కేది అదేలేరా" అన్నాడు.

పోయిన భాగంలో రోడ్లకు రాళ్ళు కొట్టినవాళ్ళ గురించి, కరువు పనుల గురించి రాశాను. దాని కింద ఒక హాస్టల్ తమ్ముడు అడిగాడు: "అన్నా, రోడ్డు వేసినవాళ్ళ కథ చెప్పావు. మరి ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కి చూపించినవాళ్ళలో మనలాంటి వాళ్ళు ఎవరూ లేరా?"

ఉన్నారు తమ్ముడూ. ఇరవై మంది. అమెరికాలో నల్లజాతి సైనికులు. గ్రావెల్ బైక్ అనే పేరు పుట్టడానికి నూరేళ్ళ ముందే, గేర్లు లేని సైకిళ్ళ మీద, మట్టిలో, ఇసుకలో, రైలు పట్టాల మీద 1,900 మైళ్ళు తొక్కారు. అంటే 3,000 కిలోమీటర్లకు పైనే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయి మళ్ళీ తిరిగొచ్చినంత. ఈ భాగం వాళ్ళ గురించి. చివరిదాకా చదవండి. ఎందుకంటే అసలు సంగతి వాళ్ళు గమ్యం చేరాక మొదలవుతుంది.

ముందు ఊరి గురించి చెబుతాను. మోంటానా రాష్ట్రం పడమటి కొసన మిజూలా అనే పట్నం ఉంది. ఇప్పటికీ జనాభా లక్షలోపే. చుట్టూ కొండలు, ఐదు లోయలు వచ్చి కలిసే చోటు. క్లార్క్ ఫోర్క్ నది ఊరి మధ్యలోంచి పారుతుంది. నేను ఆ ఊరు చూడలేదు, మ్యాపుల్లో చూశాను. మ్యాపు దగ్గరగా చేస్తే ఊరి నుంచి నాలుగు దిక్కులా సన్నటి గీతలు కొండల్లోకి ఎక్కుతుంటాయి. ఉత్తరాన రాటిల్‌స్నేక్ వాగు వెంబడి అడవిలోకి పోయే బాట. ఆగ్నేయాన పాటీ కాన్యన్ ఎక్కి డీర్ క్రీక్ మీదుగా నది దగ్గరకు దిగే చుట్టు దారి. నైరుతిన బ్లూ మౌంటెన్. పడమట నైన్‌మైల్ లోయ. వాయవ్యాన ఎవారో కనుమ దాటితే ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్. వీటిలో చాలావాటికి తారు లేదు. కలప లారీల కోసం, అడవి శాఖ కోసం వేసిన కంకర దారులు. అమెరికా అటవీ శాఖ చేతిలో ఇలాంటి రోడ్లు మూడున్నర లక్షల మైళ్ళకు పైగా ఉన్నాయి. ఇప్పుడు గ్రావెల్ బైకర్లకు అవే పండగ. 1976లో దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకు వేల మందిని సైకిళ్ళ మీద నడిపించిన సంస్థ పెరిగింది కూడా ఈ ఊళ్ళోనే.

ఊరికి నైరుతి పక్కన ఫోర్ట్ మిజూలా అనే పాత సైనిక స్థావరం ఉంది. మన కథ అక్కడ మొదలవుతుంది.

అమెరికా అంతర్యుద్ధం అయ్యాక సైన్యంలో నల్లవాళ్ళకు నాలుగు రెజిమెంట్లు మాత్రమే మిగిల్చారు. 9వ, 10వ అశ్విక దళాలు, 24వ, 25వ పదాతి దళాలు. సిపాయిలు నల్లవాళ్ళు, అధికారులు తెల్లవాళ్ళు. వీళ్ళను పెద్ద పట్టణాలకు దూరంగా, పడమటి సరిహద్దుల్లో పడేశారు. అలా 25వ పదాతి దళం 1888లో మిజూలాకు వచ్చింది.

1896లో జేమ్స్ మాస్ అనే కుర్ర లెఫ్టినెంట్‌కి ఒక ఆలోచన వచ్చింది. గుర్రానికి దాణా కావాలి, నీళ్ళు కావాలి, జబ్బు చేస్తుంది, చస్తుంది. సైకిల్‌కి ఇవేవీ అక్కర్లేదు. కొండ ప్రాంతంలో సైన్యాన్ని సైకిళ్ళ మీద నడిపితే ఎలా ఉంటుంది? పై అధికారులు ఒప్పుకున్నారు. స్పాల్డింగ్ కంపెనీ ఉచితంగా సైకిళ్ళు ఇచ్చింది.

ఈ మాస్ గురించి ఒక ముక్క చెప్పాలి. మెరిట్ గురించి మనకు రోజూ పాఠాలు చెప్పేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ 1894 తరగతిలో ఆయనది ఆఖరి ర్యాంకు. ఆఖరి ర్యాంకు వచ్చిన తెల్లవాడు అధికారి. పదిహేనేళ్ళు సర్వీసు చేసిన నల్లవాడు ఆయన కింద సార్జెంటు. అక్కడ మెరిట్ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మాస్ వ్యక్తిగా చెడ్డవాడని నేను అనడం లేదు. తన మనుషుల్ని పొగుడుతూ రాసినవాడే. నేను చెప్పేది మెట్ల గురించి.

1896 ఆగస్టులో ఎనిమిది మందితో మొదటి యాత్ర. ఎవారో దాటి, రిజర్వేషన్ మీదుగా, మిషన్ పర్వతాల కింద ఉన్న సరస్సు దాకా పోయి రావడం. 126 మైళ్ళు, నాలుగు రోజులు. ఇవాళ మిజూలా సైకిలిస్టులు వారాంతంలో సరదాగా పోయే వైపే అది. అప్పుడు వాన పడింది, బురద చక్రాలకు పట్టుకుంది. వాగుల్లో సైకిళ్ళను మోసుకుని దాటారు. అదే నెలలో మళ్ళీ బయల్దేరి యెల్లోస్టోన్ పార్కుకి పోయి వచ్చారు, సుమారు 800 మైళ్ళు. అక్కడి వేడి నీటి బుగ్గల దగ్గర తెల్లటి రాతి మెట్ల మీద సైకిళ్ళతో నిలబడి దిగిన ఫోటో ఒకటి ఉంది. నెట్‌లో దొరుకుతుంది, చూడండి. నిటారుగా, ఎవరి ముందూ తల వంచకుండా నిలబడ్డ నల్ల సిపాయిలు.

ఆ ఫోటో తీసిన సంవత్సరం గుర్తుపెట్టుకోండి. 1896. అదే ఏడాది మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తీర్పు ఇచ్చింది. రైల్లో నల్లవాళ్ళకు వేరే పెట్టె పెట్టడం రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. సైకిల్ మీద దేశానికి సేవ చేయొచ్చు, రైల్లో మాత్రం పక్కన కూర్చోకూడదు.

సైకిల్ సంఘాల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో మంచి రోడ్ల కోసం మొదట గట్టిగా ఉద్యమం చేసింది సైకిలిస్టులే. 1880లో పుట్టిన "లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్" అనే సంఘం దానికి నాయకత్వం వహించింది. బురద రోడ్లు బాగుచేయాలని పత్రికలు నడిపింది, ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చింది. ఆ సంఘమే 1894లో లూయివిల్ సభలో తెల్లవాళ్ళకే సభ్యత్వం అని నిబంధన రాసుకుంది. అంతకు ముందే సభ్యురాలైన బోస్టన్ నల్లజాతి అమ్మాయి, కుట్టుపని చేసుకునే కిట్టీ నాక్స్, 1895లో ఆ సంఘం జాతీయ సమావేశానికి సైకిలేసుకుని పోయి గొడవ బయటకు తెచ్చింది. మేజర్ టేలర్ అనే నల్లజాతి కుర్రాడు 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఎవరు ఎంత గెలిచినా ఆ నిబంధన మాత్రం పోలేదు. దాన్ని లాంఛనంగా రద్దు చేసింది ఎప్పుడో తెలుసా? 1999లో. మంచి రోడ్డు అందరికీ కావాలన్నారు. ఆ "అందరూ" ఎవరో వాళ్ళే నిర్ణయించారు.

ఇప్పుడు అసలు యాత్ర.

1897 జూన్ 14. ఇరవై మంది సిపాయిలు, మాస్, కెనడీ అనే తెల్ల డాక్టరు, ఎడ్వర్డ్ బూస్ అనే పందొమ్మిదేళ్ళ తెల్ల విలేఖరి. మిజూలా నుంచి సెయింట్ లూయిస్‌కి. సిపాయిల్లో పెద్ద మింగో శాండర్స్ అనే సార్జెంటు. వయసు 40కి దగ్గర, ఒక కన్ను సరిగా కనబడదు. జాన్ ఫిండ్లీ అనే సిపాయి మెకానిక్. సైన్యంలోకి రాకముందు చికాగోలో సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. దారిలో విరిగింది, వంగింది, పంక్చరైంది అన్నీ ఆయన చేతి మీదుగానే బాగుపడ్డాయి.

సైకిల్ బరువు 32 పౌండ్లు. దుప్పటి, గుడారం గుడ్డ, తిండి, వంట సామాను కట్టాక సగటున 59 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 27 కిలోలు. వీపున తుపాకీ, నడుముకు తూటాలు. తడిస్తే చెక్క రిమ్ములు వంకర పోతాయని స్టీలు రిమ్ములు వేయించారు. గేరు ఒక్కటే. కొండ ఎక్కాలంటే తొక్కాలి, లేదా దిగి తోయాలి. ఎత్తైన కంచె అడ్డం వస్తే సైకిళ్ళు ఒకరికొకరు అందించుకుంటూ క్షణాల్లో దాటడం ముందే సాధన చేశారు.

మొదటి రోజే వాన. మోంటానా బంకమట్టి ఎలాంటిదంటే, మన నల్లరేగడి వానకు తడిసినప్పుడు ఎడ్లబండి చక్రం ఎలా అయిపోతుందో గుర్తు తెచ్చుకోండి. చక్రం తిరగదు. నాలుగు అడుగులకొకసారి పుల్లతో గీకాలి. మల్లన్ కనుమ దగ్గర జూన్ నెలలో మంచు కురిసింది. అది దాటి హెలెనా, తర్వాత బిల్లింగ్స్, అక్కణ్ణించి వయోమింగ్. అక్కడి వాగుల నీళ్ళు చవుడు, తాగితే కడుపులో తిప్పుతుంది. నెబ్రాస్కాలో ఇసుక దిబ్బల ప్రాంతం. చీలమండల దాకా ఇసుక, నెత్తిన నిప్పులాంటి ఎండ. రోడ్డు మీద సైకిల్ కదలదు కాబట్టి రైలు పట్టాల మధ్య, స్లీపర్ల మీద తోసుకుంటూ, తొక్కుకుంటూ పోయారు. స్లీపర్ల మీద సైకిల్ తొక్కితే నడుం ఏమవుతుందో ఊహించుకోండి. ఆ చవుడు నీళ్ళు పడక మాస్ జబ్బు పడ్డాడు. కొద్ది రోజులు వెనక ఆగి, రైల్లో వచ్చి దళాన్ని కలుసుకున్నాడు.

జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. మొత్తం 41 రోజులు, అందులో తొక్కినవి 34 రోజులు. రోజుకు సగటున 50 మైళ్ళ పైనే. ఊరి సైకిల్ క్లబ్బులవాళ్ళు ఎదురొచ్చి పార్కు దాకా తోడొచ్చారు. వేల మంది జనం చూడటానికి వచ్చారు. చప్పట్లు కొట్టారు. అప్పటికి ఆ దేశంలోకెల్లా పెద్ద సైకిల్ సంఘంలో ఈ ఇరవై మందిలో ఒక్కరికీ సభ్యత్వం దొరకదు.

మాస్ లెక్కలు కట్టి నివేదిక పంపాడు. గుర్రపు దళం కన్నా, నడిచే దళం కన్నా రెట్టింపు వేగంతో, మూడో వంతు ఖర్చుతో సైకిల్ దళం పోగలదని తేలిందన్నాడు. తర్వాత ఏమైంది? సైన్యం ఉత్సాహం చూపలేదు. సైకిళ్ళు వెనక్కి పోయాయి, సిపాయిలు రైలెక్కి మిజూలా పోయారు. మరుసటి ఏడు స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. 25వ దళాన్ని క్యూబాకి పంపారు. సైకిల్ దళం కథ అక్కడితో ముగిసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఇంకో నిజం మాట్లాడుకోవాలి. దాచుకుంటే మనం చెప్పేది చరిత్ర కాదు, పురాణం అవుతుంది.

ఆ దారులు ఎవరి నేల మీద ఉన్నాయి? మిజూలా లోయ సేలిష్ ప్రజలది. 1855లో అక్కడికి దగ్గర్లోనే హెల్‌గేట్ ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. 1859 తర్వాత మల్లన్ అనే సైనికాధికారి 600 మైళ్ళకు పైగా సైనిక రోడ్డు కొండల్లోంచి తీయించాడు. 1877లో కోట కట్టింది స్థానిక తెగల భయంతోనే. కోట పని జరుగుతుండగానే నెజ్ పర్స్ ప్రజల్ని తరుముతున్న యుద్ధం ఆ కొండల్లోకి వచ్చింది. 1891లో, అంటే మన బాబాసాహెబ్ పుట్టిన ఏడాది, షార్లో నాయకత్వంలోని సేలిష్ ప్రజల్ని బిటర్‌రూట్ లోయలోని సొంత ఊళ్ళ నుంచి ఖాళీ చేయించి ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌కి నడిపించారు. మన ఇరవై మంది తొక్కిన దారి కస్టర్ చచ్చిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి పక్కగా కూడా పోయింది.

ఇంకా ఉంది. 1892లో ఇడాహో గనికార్మికుల సమ్మె మీదకీ, 1894లో రైల్వే కార్మికుల సమ్మె మీదకీ ఇదే 25వ దళాన్ని పంపారు. బానిసల పిల్లల్ని సైనికుల్ని చేసి, నేల కోల్పోయినవాళ్ళకు, కూలి అడిగినవాళ్ళకు ఎదురుగా నిలబెట్టారు. రాజ్యం ఎప్పుడూ చేసే పనే ఇది. మనకు తెలియంది కాదు. కోరేగావ్‌లో 1818 జనవరి 1న పీష్వా సైన్యానికి ఎదురు నిలబడ్డ మహర్ సిపాయిల్ని మనం గౌరవంగా తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. అదే బ్రిటిష్ ప్రభుత్వం 1890ల మొదట్లో "యోధ జాతులు" అనే సిద్ధాంతం పట్టుకుని మహర్లను సైన్యంలో చేర్చుకోవడం మానేసింది. కావాలన్నప్పుడు సిపాయి, అక్కర్లేనప్పుడు అంటరానివాడు. సైన్యంలో సుబేదారుగా పనిచేసిన తండ్రికి పుట్టిన బాబాసాహెబ్‌కి ఈ సంగతి పుస్తకంలో చదవాల్సిన అవసరం లేకపోయింది.

తిరిగి మింగో శాండర్స్ దగ్గరకు వద్దాం.

క్యూబా యుద్ధం అయింది. శాండర్స్ అక్కడ పోరాడాడు. తర్వాత ఫిలిప్పీన్స్‌కీ పోయాడు. 1906 నాటికి పాతికేళ్ళ సర్వీసు, మచ్చలేని రికార్డు, పింఛను దగ్గరపడింది. ఆ ఏడాది జూలైలో ఆయన దళాన్ని టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊరికి పంపారు. నల్ల సిపాయిలు మాకొద్దని ఊరి తెల్లవాళ్ళు ముందే గోల చేశారు. ఆగస్టు 13 రాత్రి ఊళ్ళో కాల్పులు జరిగాయి. ఒక బార్ మనిషి చచ్చిపోయాడు, ఒక పోలీసు గాయపడ్డాడు. నేరం సిపాయిల మీద వేశారు. ఆ వేళకు సిపాయిలు బారకాసుల్లోనే ఉన్నారని వాళ్ళ తెల్ల అధికారులే చెప్పారు. ఎవరు కాల్చారో చెప్పమని సిపాయిల్ని అడిగారు. తెలియదన్నారు. చెప్పకపోవడమే కుట్ర అన్నారు.

ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ 167 మందిని ఒక్క సంతకంతో సైన్యం నుంచి గౌరవం లేకుండా తీసేశాడు. విచారణ లేదు, కోర్టు లేదు. ఎన్నికల్లో నల్లవాళ్ళ ఓట్లు పోతాయని ఆ ఉత్తర్వును ఓటింగు అయిపోయేదాకా బయటపెట్టలేదు. ఆ 167 మందిలో మింగో శాండర్స్ ఒకడు. పింఛను పోయింది. క్యూబాలో ఇదే రూజ్‌వెల్ట్ మనుషులకు తిండి లేనప్పుడు తన దగ్గరున్న గట్టి రొట్టెలు పంచి ఇచ్చామని శాండర్స్ చెప్పుకున్నాడు. ఎవరు విన్నారు?

1972లో సైన్యం తప్పు ఒప్పుకుని ఆ శిక్షలు రద్దు చేసింది. 66 ఏళ్ళ తర్వాత. శాండర్స్ అప్పటికి ఎన్నడో చనిపోయాడు. ప్రాణాలతో ఉండి పరిహారం అందుకున్నది డార్సీ విల్లిస్ అనే ఒక్క వృద్ధుడు. ఇచ్చింది 25,000 డాలర్లు. మాస్ మాత్రం కర్నల్ దాకా ఎదిగాడు, సైనిక పుస్తకాలు రాశాడు, పేరు తెచ్చుకున్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను ఈ కథ చెబుతున్నది ఇందుకు. మీకు రోజూ ఒక మాట చెబుతుంటారు. "బాగా చదువు, నిరూపించుకో, అప్పుడు నిన్ను ఎవరూ చిన్నచూపు చూడరు." హాస్టల్లో వార్డెన్ చెబుతాడు, కాలేజీలో లెక్చరర్ చెబుతాడు, ఇంట్లో అమ్మానాన్నలు ప్రేమతో చెబుతారు. చదవాలి. సందేహం లేదు. కానీ నిరూపించుకుంటే గౌరవం దానంతటదే వస్తుందన్నది అబద్ధం. శాండర్స్ 1,900 మైళ్ళు నిరూపించాడు. రెండు యుద్ధాల్లో నిరూపించాడు. ఒక్క సంతకం ముందు అవేవీ నిలబడలేదు.

బాబాసాహెబ్ కొలంబియాలో చదివి, లండన్‌లో చదువు మధ్యలో ఆపి, 1917లో బరోడా కొలువుకి వచ్చాడు. ఆ రోజుల్లో ఈ దేశంలో అంత చదువుకున్నవాళ్ళు ఎంతమంది? అయినా ఉండటానికి గది దొరకలేదు. పార్శీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆయనే "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఈ సంగతి రాసుకున్నాడు. ఆ అనుభవం నుంచి ఆయన "ఇంకో డిగ్రీ తెచ్చుకుంటే ఒప్పుకుంటారు" అని నేర్చుకోలేదు. మహద్ చెరువు దగ్గరకు జనాన్ని నడిపించాడు. హక్కును చట్టంలో రాశాడు. చదువు ఆయన చేతిలో ఆయుధమైంది. ఎవరి మెప్పు కోసమో తెచ్చుకున్న సర్టిఫికెట్‌గా మిగల్లేదు.

సైకిల్ విషయంలో మా ఇంటి అనుభవం ఒకటి చెబుతాను. మా నాయన కూలి డబ్బులు కూడబెట్టి పాత సైకిల్ కొన్నాడు. గూడెం నుంచి పొలాలకు, అక్కణ్ణించి టౌనుకు దాని మీదే. మధ్యలో ఊరు తగులుతుంది. రచ్చబండ కనబడగానే నాయన దిగేవాడు. నడిపించుకుంటూ పోయి ఊరు దాటాక మళ్ళీ ఎక్కేవాడు. నాకంటే చిన్న పిల్లలు అరుగుల మీద కూర్చుని "ఏరా, కొత్త సైకిలా?" అని ఆయన్ని పలకరించేవాళ్ళు. "అవునయ్యా" అనేవాడు. ఎందుకు దిగుతున్నావని నేను అడిగితే, "అక్కడ రోడ్డు బాగుండదురా" అన్నాడు. అది ఊళ్ళోకెల్లా మంచి రోడ్డు. తారు రోడ్డు.

ఈ అనుభవం మా ఒక్క ఇంటిది కాదు. ఎంత మందిదో తెలుసుకోవాలంటే చట్టం చదవండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ తెచ్చారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3లో చాలా స్పష్టంగా రాసి ఉంది. బహిరంగ స్థలాల్లో ఎస్సీ, ఎస్టీలు సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, తొక్కకుండా అడ్డుకోవడం, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా అడ్డుకోవడం నేరం. 21వ శతాబ్దంలో ఒక దేశపు పార్లమెంటు కూర్చుని "సైకిల్" అనే మాటను అత్యాచారాల చట్టంలో రాయాల్సి వచ్చింది. అవసరం లేకపోతే రాస్తారా? రోడ్డుకు కులం లేదని ఇంకెవరైనా చెబితే ఆ సెక్షన్ చూపించండి.

ఇక ఈ భాగంలో మీకు నేను ఇవ్వదలుచుకున్న పని.

1897 యాత్ర గురించి మనకు ఇంత వివరంగా ఎలా తెలిసింది? మాస్ నివేదికల వల్ల, బూస్ పత్రికకు పంపిన వార్తల వల్ల. ఇద్దరూ తెల్లవాళ్ళు. ఆ ఇరవై మంది రాత్రి గుడారంలో పడుకుని ఏమి మాట్లాడుకున్నారో, మాస్ రైలెక్కినప్పుడు ఏమనుకున్నారో, జనం చప్పట్లు కొడుతుంటే మనసులో ఏముందో మన చేతికి రాలేదు. తొక్కినవాళ్ళు ఒకరు, రాసినవాళ్ళు వేరొకరు. 1974లో మోంటానా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం అదే దారిలో మళ్ళీ సైకిళ్ళు తొక్కింది. 2022లో, 125 ఏళ్ళ సందర్భంగా, ఎరిక్ సెడెన్యో అనే నల్లజాతి సైకిలిస్టు మిజూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా ఆ దారినే తొక్కి, దారిపొడుగునా ఆ సిపాయిల కథ చెప్పుకుంటూ పోయాడు. మిజూలా కంకర దారులు ఇప్పుడు ఆ ఇరవై మంది పేర్లతో కూడా గుర్తుకొస్తున్నాయంటే ఇలాంటి వాళ్ళ వల్లే.

మనం కూడా ఒక రూట్ మ్యాపు తయారు చేద్దాం. గ్రావెల్ బైకర్లు తమ ఊరి చుట్టూ తారు లేని దారులన్నీ వెతికి మ్యాపుల్లో పెట్టుకుంటారు. వాళ్ళకు అది సరదా. మన ఊళ్ళలో అదే మ్యాపు సాక్ష్యం అవుతుంది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక సైకిల్ తీసుకోండి. అద్దెదైనా, అరువుదైనా పర్వాలేదు. మీ మండల కేంద్రం నుంచి మీ పేట దాకా, పేట నుంచి శ్మశానం దాకా, చెరువు దాకా, స్కూలు దాకా తొక్కండి. తారు సరిగ్గా ఎక్కడ ఆగిందో ఫోన్లో గుర్తు పెట్టండి. సిమెంటు రోడ్డు ఏ ఇంటి ముందు ముగిసిందో ఫోటో తీయండి. వానాకాలం ఎన్ని నెలలు ఆ దారి మూసుకుపోతుందో పేట ఆడవాళ్ళను అడిగి రాసుకోండి. నీళ్ళ బిందెలతో, కాన్పు నొప్పులతో ఆ దారిన పోయింది వాళ్ళే. ముసలివాళ్ళను ఇంకో ప్రశ్న అడగండి: "నువ్వు సైకిల్ ఎక్కడ దిగేవాడివి?" ఆ చోటు కూడా మ్యాపులో పెట్టండి.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు. సబ్ ప్లాన్ కింద మీ పేట రోడ్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎప్పుడు. కాగితం మీద తారు పడి, నేల మీద కంకర మిగిలిన చోట్లు బయటికొస్తాయి. ఒక్కరు పోతే ఆఫీసులో కసురుకుంటారు. పది మంది పోండి.

చూడటానికి ఇది చిన్న పనే. కానీ శాండర్స్‌కి లేనిది మీకు ఉంది. రాసే చేయి, చట్టం, పక్కన నిలబడే జనం. ఈ మూడూ కలిస్తే ఒక్క సంతకంతో తుడిచేయడం ఎవరికీ అంత తేలిక కాదు.

మీరు గీసిన మ్యాపులు, తీసిన ఫోటోలు నాకు పంపండి. పేట పేరు వేయొద్దంటే వేయను. అన్నీ ఒకచోట చేర్చి ఈ సిరీస్ చివర్లో పెడదాం. వచ్చే భాగంలో ఎడ్లబండి దారుల నుంచి పంచాయతీ రోడ్ల దాకా మన పల్లెల్లో రోడ్డు ఎటువైపు తిరగాలో ఎవరు నిర్ణయించారో చూద్దాం.

జై భీమ్.